తొమ్మిదవ అంశం: తాకుట

ఒక దీపంతో పది దీపాలు వెలిగించవచ్చునన్న సంగతి విద్యాశాఖవారికి ఏ ముహూర్తాన స్ఫురించిందో కాని, అది మొదలు మా జిల్లాలో ఉపాధ్యాయులెవ్వరూ ఒకచోట స్థిమితంగా కూర్చున్నది లేదు.

అంతకుముందే బడిబడికీ ఒక స్మార్ట్ బోర్డు వచ్చి ఉంది. నల్లబల్ల పక్కన గోడకు బిగించిన ఆ వెడల్పాటి గాజుపలక చాలా ఖరీదైనదని అందరికీ తెలుసు. దానితో ఏమి చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఈ తెలియనితనమనే చీకటిని పారదోలడానికి ‘దీపపరంపర’ అనే పథకం పుట్టింది. రాజధానిలో పదిమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తారు. వారు దీపాలవుతారు. ఒక్కొక్క దీపం తన జిల్లాకు తిరిగివచ్చి మరి పదిమందిని వెలిగిస్తుంది. వారు మండలాలకు వెళ్లి మరి పదేసిమందిని వెలిగిస్తారు. ఈ క్రమంలో ఎక్కడా అలసత్వం చొరబడకుండా ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చారు: “తాను నేర్చినదానిని పదిమందికి నేర్పని ఉపాధ్యాయుడు, నేర్వనివాడుగానే పరిగణింపబడును.” ఆ వాక్యం రాసినవారు మంచి భాషావేత్తలై ఉండాలి. లెక్కల మేష్టారు ఎవరైనా దగ్గర ఉంటే, ఉపాధ్యాయులు త్వరలోనే అయిపోతారని చెప్పి ఉండేవారు.

శిక్షణలో తొమ్మిది అంశాలు. పథకం ఆశయాలతో మొదలై, బోర్డు చరిత్ర, దాని భాగాల పేర్లు, దానిని తుడిచే పద్ధతి, దాని ఎదుట నిలబడవలసిన భంగిమ మొదలైనవన్నీ దాటి, ఏడవ అంశంగా ఆన్ చేయుట, ఎనిమిదవ అంశంగా ఆఫ్ చేయుట ఉన్నాయి. తొమ్మిదవ అంశం, తాకుట. ఆఫ్ చేసిన తరువాత తాకడమేమిటని అడిగినవారు లేరు. అడగడం తొమ్మిదింటిలోనూ లేదు.

రాజధానిలో జరిగిన తొలి శిక్షణకు ప్రారంభోత్సవం చేయవలసిన పెద్దలు ఆలస్యంగా వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి పొద్దు గూట్లో పడింది. ఎనిమిది అంశాలు ఎట్లాగో ముగించి, తొమ్మిదవ దాని సమయాన్ని గ్రూపు ఫోటోకు వినియోగించారు. ఆ పదిమందీ నిజాయితీపరులు. తమకు వచ్చినదానిని వచ్చినట్లే జిల్లాలకు మోసుకువచ్చి, ఎనిమిది అంశాలు చెప్పి, తొమ్మిదవ దాని వేళకు అందరినీ వరండాలో వరుసగా నిలబెట్టి ఫోటో తీయించారు. మండలాల్లోనూ అట్లాగే జరిగింది. ఈ విధంగా జిల్లా మొత్తం వెలిగింది గాని, బోర్డును తాకినవారు జిల్లాలో లేరు.

తాకవద్దని వేరుగా ఒక నిబంధన ఉండనే ఉంది. శిక్షణ పూర్తికానివారు తాకగా బోర్డు చెడితే బాధ్యత తాకినవారిదే. గవ్వలదిన్నె ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు ధర్మలింగంగారు ఈ నిబంధన చదివిన మధ్యాహ్నమే దర్జీని పిలిపించి బోర్డుకు దళసరి గుడ్డతో గలీబు కుట్టించారు. గలీబు మధ్య కుంకుమబొట్టు పెట్టించారు. ప్లగ్గు ఉన్న చెక్కపెట్టెకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నారు.

ఆ బడిలో శిక్షణ లేనివారు ఒక్కరే. సాంఘికశాస్త్రం చెప్పే వకుళ టీచరు. ఆమెకు శిక్షణ మీద విముఖత ఏమీ లేదు. శిక్షణకు పిలుపు వచ్చినప్పుడల్లా ధర్మలింగంగారు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, “బడిలో ఒకరైనా ఉండాలి కదండీ వకుళమ్మా,” అనేవారు. బడిలో ఉండగలిగిన ఆ ఒక్కరూ ప్రతిసారీ ఆమే. మిగిలినవారు సంచులు తగిలించుకుని బస్సెక్కితే, ఆమె ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకు పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, తానొక్కతే అన్ని పాఠాలూ చెప్పేది.

శిక్షణనుంచి తిరిగి వచ్చినవారిని ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. సైన్సు చెప్పే బాజీ మేష్టారు మెడలో ‘దీపం’ అన్న బిళ్ల వేలాడేసుకుని వచ్చిన పూట కూడా అదే అడిగింది.

“మేష్టారూ, ఆ బోర్డు మీద అక్షరాలు పెద్దవి చేయడమెట్లాగో చెప్పారా?”

“అది తొమ్మిదో అంశంలో వస్తుంది మేడం.”

“చెప్పారా?”

“చెప్పబోతుండగా ఫోటో అన్నారు.”

“పోనీ, అక్కడ ఎవరైనా తాకి చూశారా?”

బాజీ మేష్టారు నొచ్చుకున్నారు. “అదేం మాట మేడం! అక్కడున్నది బోర్డు కాదు, బోర్డు బొమ్మ. ఫ్లెక్సీ మీద వేయించారు. నిజం దానిమీద నేర్పితే పాడైపోదూ?”

ఆమె ప్రశ్నకు కారణం తొమ్మిదవ తరగతిలో ఉంది. పేరు అంజని. ఆటో నడిపే రామకోటి కూతురు. పుట్టుకతోనే చూపు తక్కువ. సీసా అడుగంత మందం కళ్లద్దాలున్నా, అంతకుమించి అద్దాలవల్ల అయ్యేది లేదని కంటి వైద్యులు చెప్పేశారు. పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే చదవగలదు, అందులోని పటాల సన్న అక్షరాలు తప్ప. బోర్డు మీదిది చూడాలంటే లేచి వెళ్లి, దానికి ముఖం ఆనించాలి. ఆమె నిత్యం ముఖం ఆనించగా గోడమీది నదుల పటంలో గోదావరి పుట్టే చోట కాగితం నలిగి, మాసి, నాసిక్ కనిపించకుండా పోయింది.

ఆమె పటం దగ్గరనుంచి తిరిగి బెంచీకి వస్తుంటే వెనక వరుస పిల్లలు, “ఏమే అంజనీ, ముక్కు తడిసిందా?” అనేవారు.

“తడిసింది. మీ ఊరి కొళాయిలో కంటే గోదాట్లోనే నీళ్లున్నాయి,” అనేది అంజని. మాటకు మాట చెప్పడంలో ఆమెకు చూపుతో పని లేదు.

నదుల పాఠం వచ్చింది. వకుళ టీచరు పాత క్యాలెండర్ల వెనక వైపున బొగ్గుతో లావుపాటి గీతలు గీసి, గోదావరి ఒక్కదాన్ని ఒక పటంగా తయారుచేసింది. అది పూర్తయ్యేసరికి మిగతా తరగతి గంగ, సింధు, బ్రహ్మపుత్ర దాటి వాతావరణంలోకి వెళ్లిపోయింది. ఆ వారమే రామకోటి ఖాకీ చొక్కాతో స్టాఫ్ రూముకు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

“మేడంగారూ, పిల్లను పట్నం హాస్టలుకి పంపుదామనుకుంటున్నానండీ. అక్కడ చూపు లేనోళ్లకి వేరే చెప్తారంట.”

“దానికి చూపు లేకపోవడమేమిటి రామకోటిగారూ? మనం చూపించేది చిన్నగా ఉంది, అంతే.”

“మీరంటే అట్టా అంటారు. క్వార్టర్లీలో పటం ప్రశ్నకి సున్నా వచ్చింది కదండీ. వెళ్లనని రాత్రుళ్లు ఒకటే ఏడుపు. నేనేం చేసేది?”

“హాఫ్ ఇయర్లీ కానివ్వండి. అప్పటికీ రాకపోతే మీ ఇష్టం.”

“సరేనండీ. మీ మాట మీద అప్పటిదాకా ఆగుతా,” అని రామకోటి వెళ్లిపోయాడు. వకుళ టీచరు గలీబు తొడుక్కుని నిద్రపోతున్న గాజుపలక వైపు చాలాసేపు చూసింది.

ఇంతలో జిల్లాలో పెద్ద సంక్షోభం వచ్చిపడింది. చీకటి కొరత ఏర్పడింది.

ప్రతి దీపానికీ పదిమంది కావాలి. వెలిగిన ప్రతివాడూ తక్షణమే దీపమై, తనకు పదిమంది కావాలని బయలుదేరుతున్నాడు. మొదట ఒకరి శిక్షణార్థులను ఒకరు తమ మండలానికి లాక్కున్నారు. తరువాత డ్రాయింగ్, డ్రిల్లు మేష్టర్లు అయిపోయారు. ఆ తరువాత మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లకు, అన్నం వార్చే వేళలో, బోర్డు చరిత్ర బోధించారు. రిటైరైన మేష్టర్ల ఇళ్ల ముందు ఉదయాన్నే ఇద్దరేసి దీపాలు అరుగుమీద కూర్చుని, తలుపు తీయగానే, “మేష్టారూ, మీరు ఇంకా వెలగలేదటగా?” అని పలకరించేవారు. ఒక పెద్దాయన భయపడి కాశీయాత్రకు వెళ్లిపోయాడు. ఆయనను రైలులోనే వెలిగించినట్లు తరువాత తెలిసింది.

బడులలో పాఠాలు సహజంగానే ఆగిపోయాయి. శిక్షణ ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ పోగా పాఠం చెప్పేవారు మిగలరన్నది ఎవరూ ఊహించని విషయం కాదు; ఊహించడం ఎవరి విధుల్లోనూ లేకపోయింది.

చివరికి జిల్లా ప్రత్యేకాధికారి పరాంకుశంగారు సమగ్ర సర్వే జరిపించారు. ఆయన ఈ పథకం కోసమే కొత్తగా సృష్టించిన పదవిలో, ఈ పథకం కోసమే కొత్తగా కొన్న కారులో తిరిగే మనిషి. సర్వేలో తేలినది ఇది: జిల్లా అంతటా వెలగకుండా మిగిలిన ఉపాధ్యాయురాలు ఒక్కరే. గవ్వలదిన్నెలో వకుళ.

ఈ వార్త పొక్కిన మరునాడు ఉదయం ప్రార్థన కాకముందే బడి ఆవరణ దీపాలతో నిండిపోయింది. ధర్మలింగంగారి గదిలో కుర్చీలు చాలక కొందరు బీరువాకు ఆనుకుని నిలబడ్డారు.

“సార్, మేడం నా పదో మనిషి! తొమ్మిదిమందిని వెలిగించి వేసవినుంచీ కాచుకుని ఉన్నాను.”

“పక్క మండలంవాళ్లు వచ్చి మా మండలంలో వెలిగిస్తారా? ఇదెక్కడి న్యాయమండీ?”

బాజీ మేష్టారు వకుళ టీచరు వైపు తిరిగి చేతులు పట్టుకున్నంత పని చేశారు. “మేడం, ఇన్నేళ్లు ఒకే స్టాఫ్ రూములో ఒకే ఫ్లాస్కులో టీ తాగాం. ఇప్పుడు ఎవరి చేతనో వెలుగుతారా మీరు? నా బిళ్ల తీసేస్తారు మేడం!”

“అక్షరాలు పెద్దవి చేయడం ఎవరు చూపిస్తే వారి చేత వెలుగుతాను,” అన్నది వకుళ టీచరు.

ఒక దీపం గొంతు సవరించుకుని, “అంటే మేడం, ఎనిమిది వరకు ఎన్నిసార్లైనా…” అంది.

అప్పుడే పరాంకుశంగారి కారు వచ్చి ఆగింది. ఆయన లోపలికి రాగానే దీపాలన్నీ లేచి నిలబడ్డాయి. ఆయన వకుళ టీచరును అద్దాల బీరువాలోని పింగాణీ బొమ్మను చూసినట్లు చూసి, చేయి ఎత్తి, “ఎవ్వరూ ఈమెకు ఏమీ నేర్పవద్దు,” అన్నారు.

ఆయన దారి పొడవునా ఆలోచించుకుంటూ వచ్చారు. ఈమె కూడా వెలిగితే జిల్లా నూటికి నూరుపాళ్లూ వెలిగినట్లు. నూటికి నూరుపాళ్లూ వెలిగితే పథకం సంపూర్ణ విజయం సాధించినట్లు. సంపూర్ణ విజయం సాధించిన పథకాన్ని మూసివేస్తారు. మూసివేస్తే దీపాలన్నీ ఎవరి బడికి వారు పోయి పాఠాలు చెప్పుకోవాలి. తనకూ కారుకూ ఏ గతి పడుతుందో ఊహించడానికి ఆయన మనసు ఒప్పలేదు.

“చూడండమ్మా,” అన్నారాయన ఎంతో మృదువుగా. “మీరు ఈ జిల్లాకు మిగిలిన చివరి అవకాశం. మిమ్మల్ని మేము తొందరపడి పోగొట్టుకోదలచుకోలేదు. నేటినుంచి మీరు సంరక్షిత శిక్షణార్థి. దీపాలన్నీ వంతులవారీగా వచ్చి మీకు శిక్షణ ఇస్తాయి. ఎనిమిది అంశాలు పూర్తికాగానే మళ్లీ మొదటినుంచి ప్రారంభిస్తాయి.”

“అంటే నేను నేర్చుకోవాలా, నేర్చుకోకూడదా?”

“నేర్చుకుంటూ ఉండాలి.”

“ఎప్పటివరకు?”

“అభ్యసనం నిరంతర ప్రక్రియ అమ్మా.”

“తొమ్మిదవ అంశం ఒక్కటీ చెప్పించండి సార్. మా పిల్ల ఒకత్తి…”

“ఆ ఆసక్తి ఉంది చూశారూ!” పరాంకుశంగారి కళ్లు చెమర్చాయి. “దానిని ఎట్టి పరిస్థితిలోనూ తీర్చకూడదు. ధర్మలింగంగారూ, ఈమె బోర్డుకు బారెడు దూరంలోనే ఉండేట్లు చూసే బాధ్యత మీది. ఈమె చేతి ఫోను కూడా మీట నొక్కేదే అయి ఉండాలి.”

ఉత్తర్వు మరునాడే వచ్చింది: “సంరక్షిత శిక్షణార్థి అయిన ఉపాధ్యాయిని, బోర్డును గాని, తత్సమానమైన ఏ ఇతర తెరను గాని, స్పృశించరాదు.”

ఆనాటినుంచి వకుళ టీచరు పాఠం చెబుతుంటే తరగతి వెనక ఎవరో ఒక దీపం కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసేది. ఆమెకు బోర్డు చరిత్ర కంఠతా వచ్చింది. బోర్డు ఎదుట నిలబడే భంగిమ, ఎడమ కాలు కొంచెం ముందుకు, గడ్డం కొంచెం పైకి, ఆమెను చూసి తొమ్మిదవ తరగతి పిల్లలు కూడా నేర్చుకుని, నీళ్ల ట్యాంకు దగ్గర వరుసలో ఆ భంగిమలోనే నిలబడసాగారు. హాఫ్ ఇయర్లీ దగ్గర పడింది. అంజని క్యాలెండరు గోదావరిని చాపలా చుట్టి చంకలో పెట్టుకుని తిరుగుతోంది. కృష్ణ, కావేరి ఇంకా బొగ్గు కోసం ఎదురుచూస్తున్నాయి.

ఇటువంటి స్థితిలో రాష్ట్ర సంచాలకులవారు జిల్లా పర్యటనకు వస్తున్నట్లు కబురు వచ్చింది. దేశంలో మరెక్కడా లేని సంరక్షిత శిక్షణార్థిని స్వయంగా చూడాలని వారు ముచ్చటపడ్డారు.

ఆ రోజు గవ్వలదిన్నె బడికి మామిడాకులు కట్టారు. దీపాలన్నీ ఇస్త్రీ బట్టలతో గోడవారగా నిలబడ్డాయి. ధర్మలింగంగారు మొలతాడునుంచి తాళంచెవి విప్పలేక, పెట్టె దగ్గరికి తానే ఒరిగి, నడుము వంచి తాళం తీశారు. గలీబు తొలగింది. బాజీ మేష్టారు ఏడవ అంశం ప్రకారం బోర్డును ఆన్ చేశారు. సరఫరాదారులు అమర్చి ఉంచిన ప్రకారం తొమ్మిదవ తరగతి నదుల పటం దానంతట అదే తెరమీదికి వచ్చి నిలిచింది. నీలి గీతలతో దేశమంతా మెరుస్తోంది. పేర్లు మాత్రం చీమల బారులా ఉన్నాయి.

సంచాలకులవారు ముందు వరుసలో కూర్చున్నారు. ఊరందరితోపాటు వచ్చిన రామకోటి కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడ్డాడు.

“ఈమేనా?” అన్నారు సంచాలకులవారు, వకుళ టీచరును చూసి.

“ఈమే సార్,” అన్నారు పరాంకుశంగారు. “ఇన్ని వారాలుగా ఇంతమంది శిక్షణ ఇస్తున్నా ఏమీ రానివ్వలేదు.”

“అద్భుతం. అమ్మా, మీ తరగతి మీరు నిర్వహించండి. మేము లేమనుకోండి.”

వకుళ టీచరు బోర్డుకు బారెడు దూరంలో, ఎడమ కాలు కొంచెం ముందుకు పెట్టి నిలబడింది. మొదటి బెంచీలో ముందే తర్ఫీదిచ్చి కూర్చోబెట్టిన పిల్లవాడు లేవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె అతని మీదుగా చూసి, “అంజనీ, నువ్వు రా,” అన్నది.

ధర్మలింగంగారు ఒక అడుగు ముందుకు వేశారు. “వకుళమ్మా, ఆ పిల్ల…”

“గోదావరి ఉపనదుల్లో ఇంద్రావతి ఎక్కడుందో చూపించు అంజనీ.”

అంజని లేచింది. బెంచీల మధ్యనుంచి నడిచివచ్చి, పటాన్ని చూడడానికి తనకు తెలిసిన ఒకే పద్ధతిలో చూసింది. కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, గాజుపలకకు ముఖం ఆనించింది. ముక్కు తగిలింది. ఉలిక్కిపడి కొంచెం వెనక్కి తీసి, మళ్లీ ఆనించింది. మళ్లీ తగిలింది.

దేశం ఒక్కసారిగా ఉబ్బింది. హిమాలయాలు పైనుంచి, కన్యాకుమారి కిందనుంచి మాయమైపోయాయి. తెరనిండా గోదావరి ఒక్కటే, దండెం మీద ఆరేసిన నీలం చీరలా పరుచుకుంది. చీమలు ఏనుగులయ్యాయి.

“పగిలింది!” అని గోడవారనుంచి ఒక దీపం కేక పెట్టింది.

అంజని ఒక అడుగు వెనక్కి వేసింది. కళ్లద్దాలు దించుకుంది. మరి ఒక అడుగు వేసింది. మొదటి బెంచీ, రెండవ బెంచీ దాటింది. అక్కడ ఆగి, చేయి ఎత్తి చదివింది. “ప్రాణహిత. మంజీర. అదిగో మేడం, ఇంద్రావతి. అక్కడ, కుడిపక్క.”

కిటికీ దగ్గర రామకోటి, “ఓరి నాయనోయ్, అక్కణ్ణించే!” అన్నాడు పైకే. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో ఒకడు, “ఒరేయ్, ముక్కు గట్టిదిరా!” అన్నాడు. వకుళ టీచరు పైటచెంగుతో ముఖం తుడుచుకుంది.

సంచాలకులవారు కుర్చీలో ముందుకు వంగారు. “పరాంకుశంగారూ, ఇది ఏ అంశం?”

పరాంకుశంగారి ఉద్యోగ జీవితంలో బోర్డును తాకితే ఏమవుతుందో ఆయన చూడడం అదే మొదటిసారి. అయినా పెద్ద అధికారి అడిగినదానికి తెలియదనడం ఆయనకు అలవాటు లేదు.

“తొమ్మిదవది సార్. తాకుట.”

“ముక్కుతోనా?”

పరాంకుశంగారు క్షణకాలం అంజని ముక్కు వైపు, క్షణకాలం తన కారు వైపు చూశారు. “అవును సార్. ఉపాధ్యాయుల చేతులకు సుద్ద ఉంటుంది. చెమట ఉంటుంది. శరీరంలో ఆ రెండూ అంటనిది ముక్కు.”

“చేతులు కూడా ఖాళీగా ఉంటాయి,” అన్నారు సంచాలకులవారు ఆలోచనగా.

“పుస్తకం పట్టుకోవచ్చు సార్.”

“బెత్తం అనబోయారేమో అనుకున్నాను.” సంచాలకులవారు నవ్వి, గోడవారగా నిలబడిన దీపాల వైపు తిరిగారు. “మీ అందరికీ ఈ ప్రక్రియ వచ్చునా?”

దీపాలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. ఒక్క ముక్కూ కదలలేదు.

“అంటే,” అన్నారు సంచాలకులవారు, “ఈ జిల్లాలో ఇంతవరకు ఎవరూ పూర్తిగా వెలగలేదన్నమాట.”

ఆ మాట వినగానే పరాంకుశంగారి ముఖంలో వికసించిన ఆనందాన్ని వర్ణించడం కష్టం. జిల్లా అంతటా ఒక్క పెట్టున చీకటి కమ్మింది. కావలసినంత చీకటి, ఏళ్ల తరబడి వెలిగించుకోవచ్చు. పథకం మళ్లీ మొదటినుంచి ప్రారంభమవుతుందని సంచాలకులవారు అక్కడికక్కడే ప్రకటించారు. అందరినీ వరండాలో నిలబెట్టి ఫోటో తీశారు.

కార్లు వెళ్లిపోయాక ధర్మలింగంగారు గలీబు చేతపట్టుకుని బోర్డు దగ్గరకు వచ్చారు. అంజని ఇంకా అక్కడే నిలబడి ఉంది.

“మేడం,” అన్నది, “ముక్కు తగిలితే ఇంత చేసింది కదా, వేళ్లు పెడితే?”

వకుళ టీచరు బారెడు దూరంలోనే ఉండి, ప్రధానోపాధ్యాయుల వైపు తిరిగింది. “మేష్టారూ, ఉత్తర్వులో నన్ను తాకవద్దన్నారు. పిల్లల మాట ఏమైనా ఉందాండీ?”

ధర్మలింగంగారు ఉత్తర్వును మనసులోనే ఆసాంతం చదువుకున్నారు. ఉద్యోగంలో చేరిన తరువాత ఆయన ఒక ఉత్తర్వును అందులో లేనిదాని కోసం చదవడం బహుశా అదే మొదలు.

“లేదు,” అన్నారు. గలీబు మడిచి చంకలో పెట్టుకుని, కిటికీ దగ్గరకు వెళ్లి, వర్షం వచ్చే సూచనలున్నాయేమోనని ఆకాశం కేసి చూడసాగారు.

అంజని రెండు వేళ్లు గాజుమీద ఆనించి ఎడంగా జరిపింది. గోదావరి ఇంకా పెరిగింది. దగ్గరకు తెచ్చింది, తగ్గింది. కృష్ణ మీద పెట్టి మళ్లీ ఎడంగా జరిపింది. “మేడం, తుంగభద్ర!” అని అరిచి, ఆ చివరి బెంచీ దాకా పరుగెత్తి, అక్కడినుంచి కూడా చదవగలనేమో చూసుకుంది.

హాఫ్ ఇయర్లీలో పటం కాగితం మీదనే వస్తుంది. కాగితాన్ని ముక్కుకు ఆనించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఎక్కడ ఏది ఉందో ముందే తెలిసినవారికి వెతుకులాట కూడా ఉండదు. మార్కులు చూసుకున్న రోజు రామకోటి ఆటోలో పిల్లలందరినీ ఇళ్ల దగ్గర దింపాడు. హాస్టలు మాట మళ్లీ ఎత్తలేదు.

అక్కడ పట్నంలో నాసికాస్పర్శ శిక్షణ జోరుగా సాగింది. ముక్కు కొనతో, మృదువుగా, రెండుసార్లు, ఊపిరి బిగబట్టి తాకాలి. తాకే ముందు కళ్లద్దాలు తీసివేయాలి కనుక, తాకిన తరువాత ఏమి జరిగిందో చాలామందికి కనిపించలేదు. అయినా ఫలితాలు సంతృప్తికరంగా ఉన్నట్లు నివేదికలు వెళ్లాయి. పొట్టివారికి పీటలు సరఫరా చేశారు. ముక్కుపుడక గాజుపలకను గీస్తుందా అన్న ప్రశ్న మీద ఒక ఉపసంఘం ఏర్పడింది. అది ఇంకా పరిశీలనలోనే ఉంది. జలుబు చేసినవారు బోర్డు దరిదాపులకు రాకూడదన్న నిబంధన ఒకటి వచ్చింది. వకుళ టీచరు ఆ రోజునుంచి జలుబు విడవలేదు. శిక్షణకు పిలుపు వచ్చినప్పుడల్లా ఆమె చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. ధర్మలింగంగారు గుమ్మంలో నిలబడి, “ఎట్లాగూ బడిలో ఒకరైనా ఉండాలి కదండీ,” అంటారు.

బాజీ మేష్టారు శిక్షణ ముగించుకుని సోమవారం నాడు వచ్చారు. మెడలో కొత్త బిళ్ల. ముక్కు కొస ఎర్రగా కమిలి ఉంది. తిన్నగా తొమ్మిదవ తరగతిలోకి వచ్చి, పాఠం చెబుతున్న వకుళ టీచరుకు నమస్కరించారు.

“మేడం, మీరు పాపం ఎన్నాళ్లనుంచో అడుగుతున్నారు. తొమ్మిదో అంశం కూడా అయిపోయింది. మీ అంజని కోసం అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తాను, చూడండి.”

ఆయన తెరనిండా పరుచుకుని ఉన్న కావేరిని చూడకుండానే కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఊపిరి బిగబట్టి, శ్రద్ధగా, భక్తిగా బోర్డు మీదికి వంగారు.

వెనక బెంచీనుంచి అంజని గొంతు వినిపించింది.

“సార్, కాస్త పక్కకు జరుగుతారా? మీ తల అడ్డొస్తోంది.”